పొరుగింటి లెసన్ ప్లాన్

(పోయిన ఆదివారం చెన్నై టి.నగర్‌లో ప్రైమరీ టీచర్లకి, శని ఆదివారాలు తెలుగు క్లాసులు నడిపేవాళ్లకి పెట్టిన మీటింగులో ఒక టీచర్ మాట్లాడింది ఇది. రాలేకపోయినవాళ్లు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినపడుతోందా? ఆ ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్లకి వినపడకపోతే చెయ్యెత్తండి, క్లాసులో అరిచినట్టు అరుస్తాను, 22 ఏళ్ల అలవాటు.

నన్ను పిలిచినప్పుడు ఏమన్నారంటే, ఆన్‌లైన్లో దొరికే లెసన్ ప్లాన్లు ఎలా వాడాలో, ఏ సైట్లు మంచివో చెప్పండి అన్నారు. సైట్ల పేర్లు చెప్తాను, చెప్పకుండా వెళ్లను. కానీ ఉత్త పేర్ల కోసమైతే మీరు ఆదివారం పూట పాండీ బజార్ ట్రాఫిక్‌లో పడి రావక్కర్లేదు, వాట్సాప్‌లో పెడితే అయిపోయేది. నేను మాట్లాడదామనుకున్నది ఆ తర్వాత సంగతి. ప్లాన్ డౌన్‌లోడ్ అయింది. రాత్రి పదిన్నర. రేపు పొద్దున్న ఫస్ట్ పీరియడ్. ఈ మధ్యలో దాన్ని మనం ఏం చేస్తాం? చాలామంది ఏం చేస్తాం? ప్రింట్ తీస్తాం. అవునా కాదా? నవ్వుతున్నారు, అంటే అవుననే.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా. మనం సొంతంగా రాసుకున్న పీరియడ్ ప్లాన్ మనకి చప్పగా ఉంటుంది, అదే ఎక్కడో అమెరికాలో ఒక టీచర్ రంగురంగుల బోర్డర్ వేసి, నక్క బొమ్మ పెట్టి, మంచి ఫాంట్‌లో పెట్టిందంటే ఆహా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. అనిపించి చేతులు కాల్చుకున్నాను కాబట్టే ఇక్కడ నిలబడ్డాను.

చాలా ఏళ్ల కిందట, మూడో తరగతికి డబ్బు లెక్కలు చెప్పాలి. నెట్‌లో ఒక వర్క్‌షీట్ దొరికింది, ఎంత అందంగా ఉందంటే, నాణేలు నిజంగా మెరుస్తున్నట్టు ఉన్నాయి. 40 కాపీలు, కలర్, నా సొంత డబ్బులతో. క్లాసులో పంచాను. రెండు నిమిషాలు నిశ్శబ్దం. ఆహా ఎంత శ్రద్ధగా చూస్తున్నారో అనుకున్నా. అప్పుడు ఒకడు లేచి, "మిస్, ఈ కాయిన్ మీద ఉన్న తాత ఎవరు?" అన్నాడు. అబ్రహాం లింకన్ అని చెప్పా. ఇంకొకమ్మాయి, "మిస్, పది కన్నా అయిదు పెద్దదిగా ఉందేంటి?" అంది. నిజమే, వాళ్ల పది సెంట్ల డైమ్ అయిదు సెంట్ల నికెల్ కన్నా చిన్నదిగా ఉంటుంది, ఒక్క సెంటు పెన్నీ కన్నా కూడా చిన్నది. ఇక 25 సెంట్ల క్వార్టర్ సంగతి చెప్పక్కర్లేదు, మనకి పావలా 2011 జూన్‌తో చెల్లకుండా పోయింది, ఈ పిల్లలు పావలా అన్న మాట కూడా వినలేదు. మొత్తం 40 నిమిషాలు నేను అమెరికా నాణేల గురించి చెప్పి బయటికొచ్చాను. చిల్లర లెక్క ఒక్కరికి రాలేదు. ఒక్కరికి!

ఆ రోజు సాయంత్రం ఆ షీట్‌ని చింపేద్దామని తీశాను. తీసి చూస్తే అట్టడుగున, చిన్న అక్షరాల్లో, ఒక ప్రశ్న ఉంది. ఇంత మొత్తాన్ని ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు అని. అంతే. మర్నాడు బొమ్మలు లేవు, షీట్ లేదు, బోర్డు మీద ఒకటే రాశాను: 10 రూపాయలు ఇవ్వాలి, మన దగ్గర 1, 2, 5, 10 రూపాయల నాణేలు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి, ఎన్ని రకాలుగా ఇవ్వొచ్చు? పీరియడ్ ఎప్పుడయిపోయిందో తెలీలేదండి. మూడు అన్నారు, అయిదన్నారు, ఒకడు తొమ్మిది దాకా వెళ్లి ఇంకా ఉన్నాయి మిస్ ఇంకా ఉన్నాయి అని గోల. 11 ఉన్నాయి. మీరూ ఇంటికెళ్లి వేసుకోండి, 11 వస్తాయి, రాకపోతే నాకు ఫోన్ చెయ్యండి.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. ఎవరి ప్లాన్ తెచ్చుకున్నా దాంట్లో ఒక ప్రశ్న ఉంటుంది. పిల్లలు ఆలోచించాల్సిన ప్రశ్న. అది వెతుక్కోండి. అది దొరికితే ఆ ప్లాన్ మనకి పనికొచ్చినట్టే, మిగతాదంతా వాళ్ల ఊరు, వాళ్ల బెంచీలు, వాళ్ల వాతావరణం. ప్రశ్న లేదనుకోండి, ఎంత అందంగా ఉన్నా వదిలెయ్యండి, రంగులెయ్యడానికి పనికొస్తుంది.

ఇక్కడ ఒక మాట. లోకల్‌గా మార్చుకోవాలి అంటే కొందరు ఏం చేస్తారంటే, పిజ్జా తీసేసి దోసె పెడతారు. ఫ్రాక్షన్స్ పాఠం, పిజ్జాని ఎనిమిది ముక్కలు చేశారు అని ఉంటే, దోసెని ఎనిమిది ముక్కలు చేశారు అని మార్చేస్తారు. అమ్మా, మీ ఇంట్లో ఎవరైనా దోసెని ఎనిమిది సమాన ముక్కలు కోస్తారా? పిజ్జా మన పిల్లలకి బాగా తెలుసు, నాకన్నా బాగా తెలుసు. దాన్ని అలాగే ఉంచండి. పేరు మార్చినంత మాత్రాన పాఠం మన ఊరిది అయిపోదు. జాన్ బదులు రాము అని పెట్టడం కూడా అంతే.

మరి ఏం మార్చాలి? ముందు వయసు చూసుకోండి. ఇంగ్లాండ్ వాళ్ల ప్లాన్‌లో ఇయర్ ఫోర్ అని ఉంటే మన నాలుగో క్లాసు అనుకుని దించేసుకుంటాం. వాళ్ల ఇయర్ ఫోర్ అంటే ఎనిమిది నిండి తొమ్మిదిలో ఉన్న పిల్లలు, అంటే దాదాపు మన మూడో తరగతి. అమెరికా వాళ్ల గ్రేడ్ మాత్రం మనకి ఇంచుమించు సరిపోతుంది. వాళ్ల ప్లాన్ల మీద త్రీ డాట్ ఎన్‌ఎఫ్ డాట్ ఏ డాట్ వన్ అని ఏదో లాటరీ నంబర్లా ఉంటుంది చూశారా? అది చెత్త కాదండి. 2010లో అక్కడ కామన్ కోర్ అని, ఏ గ్రేడ్ పిల్లలకి ఏం రావాలో రాసిన జాబితా తెచ్చారు, చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి, దాని కోడ్ అది. త్రీ అంటే మూడో గ్రేడ్, ఎన్‌ఎఫ్ అంటే భిన్నాలు, చివర్లో వన్ అంటే అందులో మొదటి అంశం. ఈ కోడ్ పెట్టి వెతికితే బొమ్మల చెత్త తగ్గిపోయి అసలు ప్లాన్లు పైకొస్తాయి. మనకీ ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2017లో ఎలిమెంటరీ లెర్నింగ్ అవుట్‌కమ్స్ ఇచ్చారు, మూడో తరగతి పిల్లకి ఏం రావాలి అని. అది పక్కన పెట్టుకుని ప్లాన్ చదవండి.

పెద్ద అంకెలు చెప్పేవాళ్లు ఇంకా జాగ్రత్త. లక్షలో మనం కామా ఒకటి తర్వాత పెడతాం, వాళ్లు వంద తర్వాత పెడతారు. మన 1,00,000 వాళ్లకి 100,000. ప్లేస్ వాల్యూ వర్క్‌షీట్ చూసుకోకుండా ఇచ్చారంటే పిల్లలు ఆ రెండూ కలిపేసి మూడో రకం కనిపెడతారు.

తర్వాత టైము. వాళ్ల ప్లాన్‌లో ఒక గంట, గంటన్నర ఉంటుంది, గదిలో నాలుగు మూలలు నాలుగు స్టేషన్లు, అంటే ఒక్కో మూల ఒక్కో పని, నలుగురేసి పిల్లలు తిరుగుతూ ఉంటారు. మనకి 40 నిమిషాలు. అందులో అటెండెన్సు, డైరీ, నీళ్ల బాటిల్ ఒలికింది మిస్, అవన్నీ పోతే 30. నేనైతే నాలుగు పనుల్లో ఒక్కటే ఉంచుకుంటా. ముందు బెంచీవాళ్లని వెనక్కి తిప్పి కూర్చోబెడితే నలుగురి గ్రూపు అయిపోతుంది, బల్లలు జరపక్కర్లేదు, కింద క్లాసువాళ్లు కంప్లైంట్ చెయ్యరు.

ఇదంతా కొత్త కాదండి. ఇంటర్నెట్ లేనప్పుడు కూడా పాఠాలు ఊరు దాటి వెళ్లాయి. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ ఉంది కదా, అక్కడ రివర్ అనే సంస్థ చుట్టుపక్కల పల్లె బడుల కోసం కార్డులు తయారు చేసింది. ఒక్క టీచర్, అన్ని తరగతుల పిల్లలు ఒకే గదిలో, ఎవరి కార్డు వాళ్లు తీసుకుని ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవడం. అది చూసొచ్చి మైసూరు జిల్లా హెచ్‌డీ కోటె టీచర్లు 1995లో నలి కలి అని, ఆడుతూ పాడుతూ నేర్చుకునే పద్ధతి మొదలుపెట్టారు. ఇక్కడ మన చెన్నై కార్పొరేషన్ బడుల్లో 2003లో ఏబీఎల్, అంటే యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్, పనులు చేస్తూ నేర్చుకోవడం, మొదలైంది, అదీ రిషి వ్యాలీ చూసొచ్చాకే. ఏబీఎల్ కార్డులతో పని చేసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. ఆ కార్డులు తెలుగులోంచి తమిళంలోకి అనువాదం చేసి పంచేశారా? లేదు కదా. టీచర్లు కూర్చుని మళ్లీ రాశారు. తమిళ అక్షరాలకి వరస వేరు, కష్టం వేరు, అందుకని మెట్లు మళ్లీ కట్టుకున్నారు. తెచ్చుకున్నది పద్ధతి. కార్డు ఇక్కడే పుట్టింది.

సరే, సైట్లు. గబగబా చెప్పేస్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి. స్టోరీవీవర్, ఇది బెంగళూరు ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015 నుంచి ఉంది, తెలుగు కథలు బోలెడు, లెవెల్ ఒకటి నుంచి నాలుగు దాకా. దీక్ష, ఇది కేంద్ర ప్రభుత్వం వాళ్లది, 2017 సెప్టెంబర్ 5న మొదలైంది, మన తమిళనాడు టెక్స్ట్‌బుక్స్‌లో 2018 నుంచి వస్తున్న క్యూఆర్ కోడ్ దాని పనే. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, క్లాసులో ఆ గుండ్రం తిరుగుతూ కూర్చుంటే 40 మంది పిల్లలు ఆగరు. టీచర్స్ ఆఫ్ ఇండియా, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్లది, తెలుగు కూడా ఉంది, అందులో టీచర్లు తాము చేసింది రాస్తారు, నాకు అదే ఇష్టం. ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్లో పిల్లలే కదిలించి చూసే బొమ్మలు, కొలరాడో యూనివర్సిటీవి, ఉచితం, భిన్నాలకి బాగుంటాయి, దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. ఇక అరవింద్ గుప్తా గారి బొమ్మలు తెలియనివాళ్లు లేరనుకుంటా. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు, అంతే సామాను. త్రిభుజం చేస్తే కదలదు, చతురస్రం చేస్తే వంగిపోతుంది, దాన్ని నిలబెట్టాలంటే ఏం చెయ్యాలి అని అడగండి, అయిదో తరగతి పిల్లలు అడ్డంగా ఒక పుల్ల పెట్టేస్తారు, మనం చెప్పక్కర్లేదు. మందు తీసేసిన పుల్లలు తెచ్చుకోండి, అది మాత్రం మర్చిపోకండి.

తెలుగు క్లాసులు నడిపే అమ్మలకి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మీరంతా అ నుంచి ఱ దాకా చుక్కల మీద దిద్దే షీట్లు దించుతున్నారు, నాకు తెలుసు, నాకే ఫార్వర్డ్ చేస్తున్నారు. దిద్దితే చెయ్యి తిరుగుతుంది, చదవడం రాదు. అది ఒకటి. అసలు సంగతి ఇంకోటి ఉంది. మా క్లాసులో ఒక పాప గాలిపటం రాయమంటే కాలిపటం అని రాసింది. బడికి బదులు పడి. ఎన్నిసార్లు దిద్దించినా అంతే. ఆ పాపకి బుర్ర లేదా? బాగా చురుకైన పిల్ల. ఆలోచిస్తే అప్పుడు తట్టింది, ఈ పాప ఒకటో తరగతి నుంచి బడిలో తమిళం రాస్తోంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, బ కీ అంతే. ఆ పిల్ల లెక్కలో అది తప్పే కాదు! ఇది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చేసిన ఏ తెలుగు ప్లాన్‌లోనూ ఉండదండి, ఎందుకుంటుంది, వాళ్ల పిల్లలకి ఆ ఇబ్బంది లేదు. కాబట్టి ఇక్కడ మనం కలపాల్సింది మనమే కలపాలి. నేను జంటలు పెట్టా. కాలి, గాలి. కుడి, గుడి. పడి, బడి. గొంతు మీద వేలు పెట్టుకుని అనమంటా, ఏది అన్నప్పుడు ముందుగా జుమ్మంటుంది అని. పిల్లలకి అది భలే ఆట. స్టోరీవీవర్‌లో ఒకే కథ తెలుగులోనూ తమిళంలోనూ దొరుకుతుంది, బొమ్మలు అవే. రెండూ పక్కపక్కన పెట్టి, తమిళంలో ఒకే అక్షరం ఉన్న చోట తెలుగులో ఏది వచ్చిందో పట్టుకోండి అంటే డిటెక్టివ్‌ల్లా వెతుకుతారు. తమిళం అడ్డు అని బాధపడేదాన్ని, ఇప్పుడు అదే నాకు టీఎల్ఎం, పాఠం చెప్పే సామాను.

కాపీరైట్ గురించి ఒక్క నిమిషం. స్టోరీవీవర్ కథలకి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది, ప్రింట్ తీసుకోవచ్చు, అనువాదం చెయ్యొచ్చు, రాసినవాళ్ల పేరు, బొమ్మలేసినవాళ్ల పేరు ఉంచాలి. డబ్బులు పెట్టి కొన్న ప్లాన్లు వేరు. అవి మామూలుగా కొన్న టీచర్ ఒక్కరికే. ఒకరు కొని 200 మంది ఉన్న గ్రూపులో పడేస్తే అది సేవ కాదండి. ఎవరూ నా వైపు చూడట్లేదు ఇప్పుడు. సరే వదిలేద్దాం.

ఏంటమ్మా? ఆ, ఏఐ. మంచి ప్రశ్న, ఎవరో ఒకరు అడుగుతారనుకున్నా. వాడాను. మూడో తరగతికి మొక్కల పాఠం, తెలుగులో లెసన్ ప్లాన్ ఇవ్వమంటే అర నిమిషంలో ఇచ్చింది, లక్ష్యాలు, ముందస్తు జ్ఞానం, మూల్యాంకనం, అన్ని హెడ్డింగులు ఉన్నాయి, హెడ్మాస్టర్ గారికి చూపిస్తే సంతకం పెట్టేస్తారు. 40 నిమిషాల్లో ఆరు యాక్టివిటీలు. ఎనిమిదేళ్ల పిల్లలకి కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం. ప్లాన్ రాసే పని తగ్గుతుంది, అది నిజం, నేను ఇప్పటికీ రికార్డు రాసుకోడానికి వాడతా. కానీ మా క్లాసులో కిటికీ పక్కన కుండీ ఉందని, దాంట్లో తులసి ఎండిపోతోందని దానికి తెలీదు కదా. పిల్లలు ఎందుకు ఎండిపోతోంది మిస్ అని అడిగారు, నా పాఠం అక్కడే మొదలైంది.

చివరగా వాన పాఠం చెప్పి ఆపేస్తా, టీ కూడా వచ్చేస్తున్నట్టుంది.

కాలాలు పాఠం. తెలుగులో దొరికే ప్లాన్లన్నీ వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబర్ అంటాయి. ఇంగ్లీషువి అయితే నాలుగు కాలాలు, మంచు మనిషి, రాలిన ఎర్ర ఆకులు. నేను తెలుగు ప్లానే తీసుకుని జూన్‌లో వానాకాలం మొదలవుతుంది అని చెప్పా. ఒకడు కిటికీ లోంచి ఎండ చూపించాడు. "మిస్, వాన దీపావళికి కదా వచ్చేది? స్కూల్ లీవు అప్పుడే కదా ఇస్తారు?" వాడికి కాలం అంటే లీవు. కానీ కరెక్టే కదా! చెన్నైకి ఏడాదిలో కురిసే వానలో సగం పైన అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే, ఈశాన్య రుతుపవనాలు. నైరుతి వానలు పశ్చిమ కనుమలు దాటి ఇటు వచ్చేసరికి చాలావరకు అయిపోతాయి. 2015 డిసెంబర్ వరదలు ఈ పిల్లల ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, మా ఫ్రిజ్ తేలింది మిస్ అంటారు, అప్పటికి వీళ్లు పుట్టి కూడా ఉండరు.

అప్పుడు ఏం చేశానంటే, ఒక ఫారిన్ ప్లాన్‌లో వాన కొలిచే సీసా ఉంది. పెద్ద ప్లాస్టిక్ బాటిల్ పై భాగం కోసి, తలకిందులుగా గరాటులా దాంట్లోనే పెట్టడం. అందులో ప్రశ్న బాగుంది: మన దగ్గర పడ్డ వాన, టీవీలో చెప్పిన వాన ఒకటేనా? ప్రశ్న ఉంచుకున్నా. నెల మార్చా, అక్టోబర్‌కి జరిపా. అంగుళాల స్కేలు తీసేసి మిల్లీమీటర్లు పెట్టా. బాటిల్ అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది, అక్కడ గులకరాళ్లు వేసి గీత దాకా నీళ్లు పోసి అక్కడ సున్నా పెట్టాలి, ఆ ప్లాన్ రాసిన టీచర్ అది రాయలేదు, మొదటి ఏడాది మా కొలతలన్నీ తప్పు. వాతావరణ శాఖవాళ్లు పొద్దున్న ఎనిమిదిన్నరకి కొలుస్తారు, మేమూ ఎనిమిదిన్నరకే. సిటీలో వాళ్లవి నుంగంబాక్కం, మీనంబాక్కం రెండు ముఖ్యమైన స్టేషన్లు, పేపర్లో రెండు అంకెలు వస్తాయి. 1792లో కట్టిన మద్రాస్ అబ్జర్వేటరీ ఆ నుంగంబాక్కంలోనే ఉండేది, అది చెప్తే పిల్లలకి ఏదో పెద్ద ఆఫీసుతో పోటీ పడుతున్నట్టు. బోర్డు మీద మూడు గళ్లు: నుంగంబాక్కం, మీనంబాక్కం, మన మేడ. ఒక రోజు నుంగంబాక్కంలో బాగా పడి మా దగ్గర దాదాపు ఏమీ లేదు. వాళ్లు తప్పు కొలిచారా మనం తప్పు కొలిచామా అని గొడవ. రెండూ కరెక్టే అయ్యుండొచ్చా అని అడిగితే వెనక బెంచీ నుంచి, "మిస్, నిన్న మా వీధిలో వాన, పక్క వీధిలో ఎండ" అని ఒకడు. అంతే, అదే పాఠం.

ఇంకొక రోజు వానే లేదు, రెండు స్టేషన్లూ సున్నా, మా పిల్లవాడొకడు ఇంటి మేడ మీద 20 మిల్లీమీటర్లు అని రాసుకొచ్చాడు. అబద్ధం అన్నారు అందరూ. వాడు ఏడ్చేశాడు, నేను కళ్లారా చూశా మిస్ గీత దాకా ఉన్నాయి అని. మర్నాడు విచారణ చేసుకొచ్చి వాడే చెప్పాడు. వాళ్ల నానమ్మ మల్లె చెట్టుకి నీళ్లు పోస్తూ, పాపం సీసా ఎండిపోయింది, పిల్లాడి ప్రాజెక్టు కదా అని అందులోనూ కాసిని పోసిందట.

రండి, టీ చల్లారిపోతుంది.